తవ్వకుండా పొరలు చూచే విద్య

మా బెల్లంపల్లిలో పొరల సంగతి ఎవరికీ కొత్త కాదు. బాయి తవ్వకముందే బోరు దించి, పైకి తీసిన రాతి కడ్డీలను వరుసగా పేర్చి, ఏ లోతున ఎంత మందాన బొగ్గు ఉన్నదో లెక్కగట్టడం సింగరేణిలో పాత విద్యే. కంటి లోపలి పొరలను చూపే ఓసీటీ చిత్రాన్ని మొదటిసారి చూచినప్పుడు నాకు ఆ కడ్డీలే గుర్తుకొచ్చాయి. ఇక్కడ బోరు పని కాంతి చేస్తుంది, అంతే.

దీనిని తెలుగులో 'కాంతి సంబద్ధతా పొరచిత్రణ' అనవచ్చునేమో. (ఇంటర్లో 'సంబద్ధ జనకాలు' చదివినవారికి మింగుడు పడుతుంది. మెరుగైన మాట తోస్తే చెప్పండి, మార్చుకుంటాను.) సమీప పరారుణ కాంతిని రెండు పాయలుగా చీల్చి ఒకదానిని కంటిలోకి, మరొకదానిని అద్దం మీదికి పంపుతారు. తిరిగివచ్చిన రెండింటి వ్యతికరణాన్ని బట్టి ఏ పొర ఎంత లోతున ఉన్నదో తెలుస్తుంది. డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్ తదితరులు 1991లో 'సైన్స్' పత్రికలో ఈ పద్ధతిని ప్రకటించారు. ఆ ముగ్గురికీ 2023లో లాస్కర్ పురస్కారం వచ్చింది. తొలి యంత్రాలు సెకనుకు కొన్ని వందల గీతలు చదివితే నేటివి పదివేలు, లక్షలు చదువుతాయి. రంగు మందు ఎక్కించకుండానే రక్తనాళాల అల్లికను చూపే రకమూ వచ్చింది.

ఇదంతా అద్భుతమే, సందేహం లేదు. నా పేచీ వేరు.

మా పెద్దబాపు భూగర్భ గనిలో పనిచేసి విరమించిన మనిషి. రెండేళ్ల క్రితం ఒకచోట అక్షరాల పట్టిక చదివించి, అద్దాలు రాసి పంపారు. చివరి వరుస దాకా చదివాడట. "కన్ను మంచిగనే కనవడ్తున్నది బిడ్డా" అని ఆయనకు ధీమా. తరువాత ఏదో పనిమీద హైదరాబాదు వచ్చినప్పుడు నా బలవంతాన ఓసీటీ తీయించాము. నీటికాసులు. తెర మీది బొమ్మను చాలాసేపు చూచి, "పై పొర పలుచబడ్డది గదా" అన్నాడు. డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. ఆ పై పొరే నాడీ తంతువుల పొర. అందులో పోయినది తిరిగి రాదు. ఉన్నదానిని కాపాడుకోవడమే.

గనిలో ఉన్నన్నాళ్లు నిబంధనల ప్రకారం నిర్ణీత కాలానికొకసారి వైద్యపరీక్ష ఉంటుంది, కళ్లూ చూస్తారు. ఉద్యోగ విరమణతో ఆ పిలుపు ఆగిపోతుంది. నీటికాసులు, చక్కెర వ్యాధి వల్ల వచ్చే రెటీనా జబ్బు ముదిరేది సరిగ్గా ఆ వయసులోనే. ఈ రెండూ మొదట్లో నొప్పి పెట్టవు, పట్టికకు దొరకవు. 2018లోనూ 2023లోనూ జరిగిన కంటి వెలుగు శిబిరాలు ఎందరికో అద్దాలిచ్చాయి, మంచి పనే. అద్దాలతో తీరని చూపు కూడా ఉన్నది.

మన పాత ఆదిలాబాదు జిల్లాకు ఇదేమీ తెలియని విషయం కాదు. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనానికి ఎంచుకున్న ప్రాంతాల్లో ఇదొకటి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ కేంద్రాన్ని ముధోలులో పెట్టినదీ ఈ జిల్లాలోనే.

విరమించిన కార్మికులకు కూడా ఏడాదికొకసారి కంటి పరీక్ష పిలుపు వెళ్లాలని నా వాదన. యంత్రం రెండవ మెట్టు. కంటి ఒత్తిడి కొలిచి, నాడి మొదలును దీపంతో చూచే ఓపిక ఉంటే సగం అనుమానాలు అక్కడే తేలుతాయి. యంత్రం వచ్చాక కూడా ఎరుపు, ఆకుపచ్చ రంగులను చూచి తీర్పు చెప్పరాదు. ఆ రంగులు యంత్రంలో నిల్వ ఉంచిన ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చి వేసినవి. దూరం సరిగా కనబడని కన్ను జబ్బు లేకపోయినా ఎర్రబడవచ్చు. చదివే మనిషి కావాలి. ఆ మనిషి హైదరాబాదులో ఉన్నా ఫరవాలేదు. బొమ్మ క్షణంలో పోతుంది. సుమారు 250 కిలోమీటర్లు రైల్లో పోవలసినది పెద్దబాపు కాదు.

ప్రస్తుతానికి మాత్రం ఆయనే పోతున్నాడు, చుక్కల మందు సీసా జేబులో పెట్టుకొని. మీ ఊళ్లలో విరమించినవారి కళ్లు ఎవరు చూస్తున్నారో రాయండి.