దారి ఆగిన చోట

2015 ఏప్రిల్ 25, శనివారం. నేపాల్ దేశంలో అది వారపు సెలవు దినం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నదనగా గోర్ఖా జిల్లాలోని బార్పాక్ గ్రామ సమీపంలో పుట్టిన భూకంపం ఆ దేశపు మధ్య ప్రాంతాన్నంతటినీ కుదిపివేసింది. దాని తీవ్రత 7.8. సుమారు తొమ్మిది వేలమంది మరణించారు. దాదాపు ఐదు లక్షల ఇళ్లు నేలమట్టమయ్యాయి. వేలాది బడిగదులు కూలిపోయాయి; కాని ఆనాడు సెలవు కావడం వల్ల ఎందరో పసివారి ప్రాణాలు దక్కాయి. అంతటి దుఃఖంలో ఆ దేశానికి మిగిలిన ఊరట అది.

వార్తాచిత్రాలలో లోకం ఎక్కువగా చూసింది కాఠ్మాండూ నగరంలో కూలిన ప్రాచీన మందిరాలను. అయితే మరణాలు అన్నింటికంటే అధికంగా సంభవించింది సింధుపాల్‌చోక్ అనే కొండ జిల్లాలో. అక్కడి పల్లెవాసులు రాళ్లను మట్టితో పేర్చి ఇళ్లు కట్టుకుంటారు. ఇంటిలోనే ధాన్యం, ఇంటిలోనే విత్తనం, ఇంటి పక్కనే పశువుల కొట్టం. గోడ కూలితే నీడ ఒక్కటే పోదు. ఆ పూట కూడూ, వచ్చే ఏటి పంటా దానితోపాటే మట్టిలో కలిసిపోతాయి.

ఆ విపత్తు వేళ నగరంలోని యువకులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తమ ఇళ్లే బీటలు వారి ఉండగా, రాత్రులు ఆరుబయట గడుపుతూ, పగలు చందాలు పోగుచేశారు. బియ్యం, ఉప్పు, టార్పాలిన్ పట్టలు కొని, మోటారు సైకిళ్ల మీదా అద్దె లారీల మీదా కొండదారులు పట్టారు. అనేక గ్రామాలకు ప్రభుత్వ సహాయం కంటే ముందు చేరినవారు వీరే. శిక్షణ లేనివారు ఇటువంటి చోట్లకు పోరాదు, అడ్డు తప్ప వారివల్ల ఉపయోగం లేదు అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదంలో కొంత సత్యమున్నది. కాని ఆకలికి శిక్షణ పొందినవారు వచ్చేవరకు ఆగే ఓర్పు ఉండదు. కనుక వారు పోవలసినదా, కాదా అన్న ప్రశ్న కంటే, ఎంత దూరం పోయారు, ఏమి మోసుకొని పోయారు అన్న ప్రశ్న ముఖ్యమైనది.

సముద్రతీరంలో తుపాను వచ్చినప్పుడు లారీయో ట్రాక్టరో పడవయో ఏదో ఒకటి బాధితుని ముంగిటికి చేరగలదు. హిమాలయ సానువులలో లారీ ఒక మలుపు దగ్గర ఆగిపోతుంది. అక్కడినుండి పైనున్న పల్లెకు ఒక పూట నడక, ఒక్కొక్కచోట రెండు మూడు రోజుల నడక. అందువల్ల సహాయమంతా దారి పక్కనున్న ఊళ్ల వద్దనే దిగిపోయే ప్రమాదం ఉన్నది. దారి పక్క ఊరికి ముగ్గురు దాతలు మూడుమార్లు బియ్యం ఇస్తారు. శిఖరం అంచునున్న ఊరికి ఒక గింజ కూడా చేరదు. ఇచ్చినవాడు మాత్రం తృప్తిగానే ఇంటికి తిరిగి వస్తాడు. ఈ తృప్తిని అనుమానించడం నేర్చుకోవాలి.

ఆకాశమార్గం ఉన్నది కదా అనవచ్చు. కాఠ్మాండూ అంతర్జాతీయ విమానాశ్రయానికి ఉన్న రన్‌వే ఒక్కటే. బరువైన విమానాల తాకిడికి అది దెబ్బతినగా కొంతకాలం పెద్ద విమానాలను నిలిపివేయవలసివచ్చింది. మే 12న 7.3 తీవ్రతతో భూమి మళ్లీ కంపించి, రెండు వందలమందికి పైగా బలిగొన్నది. ఆనాడే సహాయ కార్యక్రమంలో ఉన్న ఒక హెలికాప్టర్ కొండల్లో కూలి, ఆరుగురు అమెరికన్ సైనికులూ ఇద్దరు నేపాలీ సైనికులూ ప్రాణాలర్పించారు.

చివరకు ఆధారమైనది మనిషి వీపే. నేపాలీలు డోకో అనే వెదురు బుట్టను వీపున పెట్టుకొని, నామ్లో అనే పట్టీని నుదుటికి తగిలించి బరువులు మోస్తారు. పర్వతయాత్రికుల రాక ఆగిపోయి పనిలేక ఉన్న వేలాది కూలీలనూ మార్గదర్శకులనూ ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కూలి ఇచ్చి ఈ పనిలో నియమించింది. కొండచరియలు విరిగిపడి తెగిన కాలిబాటలను వారే బాగుచేశారు, కంచరగాడిదలను నడిపారు, బియ్యాన్నీ ఇంటి రేకులనూ పైకి చేర్చారు. ఇది దానం కాదు, పని. నగరంనుండి ఒక స్వచ్ఛంద సేవకుడు అలవాటు లేని వీపున పది కిలోలు మోసి ఆయాసపడటం కంటే, తన ప్రయాణ ఖర్చుతో ఇద్దరు స్థానికులకు కూలి ఇప్పించడం ఒక్కొక్కప్పుడు గొప్ప సేవ. ఈ మాట యువకులకు రుచించకపోవచ్చు.

మూటలో ఏముండాలన్నది మరొక సంగతి. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో ఎవరూ తొడగని పాత బట్టలు దారుల పక్కన గుట్టలుగా పడివుండటం చూసినవారు ఎందరో. నేపాల్ కొండలలో జూన్ వస్తే వానలు. వరి నాట్ల కాలం కూడా అదే. ఆ రైతుకు అప్పుడు కావలసినవి వాన ఆపే రేకులు, మట్టిలో పోయిన విత్తనానికి బదులు విత్తనం. ఆ సంగతి నగరంలో కూర్చుంటే తెలియదు. అడిగితే అతడే చెబుతాడు. అడగడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

అడిగేటప్పుడు సైతం ఊరి పెద్ద ఒక్కడినే అడిగితే చాలదు. సహాయం పంచడంలో దళిత కుటుంబాల పట్ల వివక్ష జరిగిందని మానవ హక్కుల సంస్థలు ఆనాడే ఎత్తిచూపాయి. పెద్దవారి ముంగిట దింపిన మూట ఊరి చివరి గుడిసెకు దానంతట అదే నడిచిపోదు. భర్త పరదేశంలో కూలికి పోగా ఒంటరిగా ఉన్న స్త్రీ, వరుసలో నిలబడలేని వృద్ధుడు, వీరి పేర్లు జాబితాలో ఉన్నవా అని చూడటానికి కండబలం అక్కరలేదు. కళాశాల విద్యార్థి చేతనైన పని అది. ఫోటోకు అందని పని కూడా అదే.

మే నెల చివర తాత్కాలిక పాకలలో బడులు మళ్లీ తెరుచుకున్నాయి. నగరంనుండి వచ్చే లారీలు క్రమంగా తగ్గిపోయాయి. వానలు దిగాయి. డోకోలు మోసేవారు మాత్రం ఆ జారుడు బాటల మీద నెలల తరబడి పైకి ఎక్కుతూనే ఉన్నారు.