చవితిని శనివారానికి జరుపుదామా?

"దేవుడు భక్తిని చూస్తాడు గాని తిథిని చూస్తాడా? వినాయక చవితిని శనివారం చేసుకొంటేనేమి?" అన్న మాట అమెరికాలోని మన ఇళ్లలో తరచు వినబడుతున్నది. భక్తి పేరిట మనం కోరుతున్నది సౌకర్యమే.

సంకల్పాన్ని ఒక్కసారి శ్రద్ధగా వినండి. మాసం, పక్షం, తిథి, వారం పేరుపేరునా చెప్పుకొంటాము. ఇక్కడి అర్చకులు పలువురు 'జంబూద్వీపే' అనడం మాని 'క్రౌంచద్వీపే' అంటున్నారు. కూర్చున్న చోటును గూర్చి అసత్యం పలకరాదని అంత జాగ్రత్త! మరి దినం మాటేమిటి? 2025లో న్యూయార్కులో మధ్యాహ్నవేళ చవితి ఉన్నది ఆగస్టు 26, మంగళవారం. 30వ తేదీ శనివారం ఉదయం పీటలపై కూర్చున్నవారి సంకల్పంలో పలకవలసినది సప్తమి.

ఆలయంలో శనివారం జరిగే సామూహిక పూజను తప్పుపట్టను. నలుగురూ కలవడానికి అదే వీలు. అయితే అది ఇంటి పూజకు తోడే గాని బదులు కాజాలదు. సెలవు లేదన్న సాకూ చెల్లదు. ఆ మంగళవారం సాయంత్రం కూడా చవితి ఉన్నది. మట్టి బొమ్మ, దొరికిన పత్రి, నాలుగు ఉండ్రాళ్లు, శమంతకమణి కథ: గంటసేపు చాలును.

పిల్లల పుట్టినరోజు విందును శనివారానికి జరిపినా, అసలు రోజున ఇంట కేకు కోయడం మానము. బిడ్డకిచ్చే ఆ మర్యాద పిళ్లారికి దక్కవద్దా?