మాట తెలుసుకుందాం: తుల్యం

'తుల' అంటే త్రాసు. దానిలో సరితూగేది తుల్యం. 'మా వదినగారు నాకు మాతృతుల్యురాలు' అంటాం. ఆవిడే తల్లి అని కాదు, గౌరవంలో తల్లికి సరితూగుతుందని.

మరి డబ్బు మాటో? 'అణా ఆరుంపావు నయాపైసలకు తుల్యం.' వాక్యం తప్పులేనిదే. కాని 1957 ఏప్రిల్ 1న కొత్త నాణేలు వచ్చినప్పుడు అందులో పావు పైసా బిళ్ళ లేదు గదా! అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. నాలుగు అణాబిళ్ళలూ ఒక్కసారే మార్చుకున్న పిల్లవాడికి 25 నయాపైసలు. ఒక్కొక్కటే మార్చుకున్న వాడి తమ్ముడికి 24! 'నాలుగణాలు పావలాకు తుల్యమన్నావుగా నాన్నా?' అని వాడు నిలదీస్తే ఏం చెబుతాం?

ఇక మీరూ ఒక వాక్యం కట్టండి, పైసల జోలికి పోకుండా.