షిఫ్టు ముగిసినా.. ఆగని మోత!

నాచారం పారిశ్రామికవాడలో రెండో షిఫ్టు దిగి, ఉప్పల్‌లోని ఇంటికి చేరి, నాలుగు మెతుకులు తిని నడుం వాలుస్తారు. వీధి సద్దుమణుగుతుంది. సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.. చెవిలో 'గుయ్‌'మని ఒకటే హోరు. కొందరికి కీచురాళ్ల రొదలా, కొందరికి దూరంగా కుక్కర్‌ విజిల్‌లా. ''నాకేం వినపడట్లేదే, పడుకోండి'' అంటుంది భార్య. ఆవిడ చెప్పేదీ నిజమే. ఆయన వింటున్నదీ నిజమే!

దీన్నే టినిటస్‌ అంటారు. ఇది జబ్బు కాదు, లక్షణం. చెవిలో గులిమి గట్టిపడినా రావచ్చు. ఆస్పిరిన్‌ మోతాదు మించినా, కొన్ని యాంటీబయాటిక్‌ ఇంజెక్షన్ల వల్లా, వయసుతో వినికిడి తగ్గినా రావచ్చు. కానీ యంత్రాల మధ్య పనిచేసేవారిలో మొదట అనుమానించాల్సింది శబ్దాన్నే.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి చిన్న భాగం ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నని రోమకణాలు. బయటి చప్పుళ్లను నాడీ సంకేతాలుగా మార్చేది అవే. ఏళ్లతరబడి ప్రెస్సులు, గ్రైండర్ల మోత తగిలితే అవి చచ్చిపోతాయి. గోళ్లలా మళ్లీ పెరగవు. సంకేతాలు తగ్గేసరికి, స్టేషన్‌ దొరకని రేడియోకి మనం వాల్యూమ్‌ పెంచినట్టు, మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. ఆ గరగరే ఈ హోరని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

1953లో అమెరికాలో హెల్లర్‌, బెర్గ్‌మన్‌ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. 94 శాతం మంది ఏదో ఒక మోత వినిపించిందన్నారు! అంటే నిశ్శబ్దమే దీనికి మేత. పగలు ఉప్పల్‌ చౌరస్తా రొదలో జాడలేని హోరు అర్ధరాత్రి తలకెక్కేది అందుకే. చెవుల్లో దూది కుక్కుకుని పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. దానికన్నా ఫ్యాను తిరగనివ్వండి, రేడియో సన్నగా పెట్టుకోండి.

'దీనికి మందు లేదు, అలవాటు చేసుకో' అని పంపేయడం సగం నిజమే. హోరును పూర్తిగా పోగొట్టే మాత్ర లేదు. జింకో బిళ్లలు వద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. కానీ అలవాటు పడటానికీ ఓ పద్ధతుంది. మౌలాలి రైలు పట్టాల పక్కన కొత్తగా అద్దెకు దిగినవారికి మొదటి వారం కునుకుండదు. కొన్నాళ్లకు రైలెప్పుడు పోయిందో కూడా తెలియదు. అది ప్రమాదం కాదని మెదడుకు తెలిసింది మరి! ప్రవర్తనా చికిత్సలో నిపుణులు నేర్పేది ఇదే. వినికిడి తగ్గి ఉంటే వినికిడి యంత్రం హోరునూ వెనక్కి నెడుతుంది.

అసలు సంగతి పనిచేసే చోట ఉంది. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్‌ మోతలో 8 గంటలకు మించకూడదు. 95 అయితే 4 గంటలే. చేతి దూరంలోని మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ శబ్దం ఎక్కువన్నమాటే. దూది చాలదు, ఫోమ్‌ ప్లగ్గులు కావాలి. ''చెమటకు జారిపోతాయి, సూపర్‌వైజర్‌ పిలిచినా వినపడదు'' అని తీసేస్తుంటారు. ఆ ఇబ్బంది అబద్ధం కాదు. జారని సైజు వెతికివ్వాల్సింది యాజమాన్యమే.

షిఫ్టు దిగాక కాసేపు చెవులు గింగురుమని ఊరుకున్నా తేలిగ్గా తీసుకోకండి. అది తొలి హెచ్చరిక. ఆడియోగ్రామ్‌ తీయించుకుంటే 4 వేల హెర్ట్జ్‌ దగ్గర గ్రాఫులో పల్లం కనిపించవచ్చు. ఈఎస్‌ఐ కార్డున్నవారికి నాచారంలోనే ఆసుపత్రి ఉంది. లేనివారికి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్‌ జంగ్‌ సంస్థ కేంద్రం ఉన్నాయి. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం చట్టంలో వృత్తి వ్యాధిగా నమోదై ఉంది. ఆ మాట ఎత్తి అడిగేవారెందరు?

హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె చప్పుడుతోపాటు కొట్టుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. తెల్లారి లేచేసరికి ఒక చెవి వినపడకపోతే మాత్రం ఆ రోజు డ్యూటీ మానేసైనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్లు పనిచేసేది మొదటి రోజుల్లోనే.