మేడయిండ్ల యగ్నిప్రమాదములు - బాధ్యత యెవరిది?

వేసవి వచ్చినదనగా మన మెట్టప్రాంతపు గ్రామములలో పూరిండ్లు తగులబడుట పెద్దలందఱు నెఱిగిన విషయమే. నందిగామ చుట్టుపట్లనేమి, జగ్గయ్యపేట చుట్టుపట్లనేమి, వడగాలి రేగిన మధ్యాహ్నమున పొయ్యినుండి లేచిన నిప్పురవ్వ యొకటి వాడనంతయు బూడిద చేసిన కథలు ముసలివారు చెప్పుచునే యుందురు. అట్టివేళ ఊరివారు కడవలతో పరుగెత్తుదురు. ప్రక్కయింటి కప్పుమీది గడ్డిని లాగివేయుదురు. సాయంకాలమునకు ఇల్లు కాలినవారికి బియ్యమును బట్టలును సమకూర్తురు. వస్తువులు పోయినను మనుష్యులు చాలవఱకు దక్కుదురు. ఏలయన వాకిలి దాటినచో వీథియే గదా. నిప్పెక్కడ పుట్టినదో ఊరందఱికి తెలియును.

మేడయింటి సంగతి యట్టిది కాదు. అందు కాపురముండువా డొకడు, సొంతదారు వేఱొకడు, కట్టించినవాడు మఱియొకడు. క్రింది గదులను సరకు నిలువచేయుటకు బాడుగకు పుచ్చుకొన్నవాడు ఇంకొకడు. నక్షా నామోదించిన మునిసిపాలిటీవారును, మీటరు బిగించిన విద్యుచ్ఛాఖవారును వేఱుగ నుందురు. నిప్పంటుకొన్ననాడు వీరిలో ప్రతివాడును రెండవవానివైపు వ్రేలు చూపును. మేము విచారింప దలచినది యీ విషయమే.

2023 నవంబరు 13వ తేదీన, దీపావళి మఱునాటి యుదయమున, హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్ నందు ఒక నివాసభవనము అంటుకొనెను. క్రింది భాగమున రసాయనపు పీపాలు నిలువచేసి యుండిరి. పై యంతస్తులలో కుటుంబములు కాపురముండెను. కనీసము 9 మంది మృతినొందిరి. అవి తెలంగాణ శాసనసభ యెన్నికల దినములు. పలుపక్షముల నాయకులు వచ్చిరి, సంతాపము తెలిపిరి, నష్టపరిహారము ప్రకటింపబడెను, సొంతదారుపై కేసు నమోదయ్యెను. ఏడాదిన్నర గడచినది. 2025 మే 18వ తేదీ, ఆదివారము, తెల్లవాఱుజామున, చార్మినారు చేరువనున్న గుల్జార్‌హౌస్ వద్ద ఒక పాత మేడ యంటుకొని, ఒకే కుటుంబమునకు, వారి బంధువర్గమునకు జెందిన 17 మంది చనిపోయిరి. వారిలో 8 మంది పిల్లలు. క్రింద దుకాణములు, పైన నివాసము, లోనికిని వెలికిని ఇఱుకైన దారి యొక్కటే. మరల నాయకులు వచ్చిరి, మరల పరిహారము, మరల విచారణ సంఘము. కారణము షార్టు సర్క్యూటు అనిరి. పూర్వము మనవారు విధి యనెడువారు. ఇప్పుడు షార్టు సర్క్యూటు అనుచున్నారు. రెండింటికిని వాయిదాకు పిలిచి ప్రశ్నింప వీలులేని గుణమొకటి సమానము.

నిప్పు పుట్టుట యొక సంగతి, మనుష్యులు చచ్చుట వేఱొక సంగతి. తీగ కాలుట చేతనే పదిమంది చావరు. మెట్లదారి పొగగొట్టమై, పైకప్పు తలుపునకు తాళముండి, కిటికీలకు ఇనుప చువ్వలుండి, వెలికి వచ్చు మార్గము లేమి చేత జనులు చచ్చుచున్నారు. పెక్కు ప్రమాదములలో మంటకంటె పొగయే ముందుగా ప్రాణము తీయును. ఈ మెట్లదారి నట్లు చేసినవా రెవరు, చేయనిచ్చినవా రెవరు అనునదే యడుగదగిన ప్రశ్న.

చట్టము లేదా యందురేమో. కలదు. తెలంగాణమున నివాసభవనము 18 మీటర్లు మించినచో అగ్నిమాపకశాఖవారి యనుమతి వలయును. కాని అయిదంతస్తుల యిల్లు సాధారణముగా ఈ కొలతకు లోబడియే యుండును. కావున కాగితముల మీద అది యెత్తైన భవనము కాదు. నాలుగవ యంతస్తున బిడ్డ నెత్తుకొని నిలిచిన తల్లికి మాత్రము అది యెత్తే. మన జగ్గయ్యపేట, నందిగామలలో ఇప్పుడు లేచుచున్న మేడలు చాలవఱకు ఈ తరగతివే యని మఱువరాదు.

మనకు మఱింత దగ్గఱి యుదాహరణము విజయవాడది. 2020 ఆగస్టు 9వ తేదీ వేకువను, కోవిడు రోగుల నుంచిన స్వర్ణప్యాలెస్ హోటలు అంటుకొని 10 మంది మృతినొందిరి. రాష్ట్ర ప్రభుత్వము ఒక్కొక్క కుటుంబమునకు 50 లక్షల రూపాయలు ప్రకటించెను. ఆ సొమ్ము నిచ్చుటను మేము తప్పుపట్టము. ఇల్లు గడువవలయును గదా. కాని ఆ వ్యాజ్యమున ఉన్నత న్యాయస్థానము వేసిన ప్రశ్న సొమ్ముకంటె విలువైనది: ఆ హోటలును రోగులకు వాడుకొన ననుమతించిన యధికారులను నిందితులుగా నేల చేర్చలేదు? మన పట్టణముల సంతలలోను, టీ దుకాణములలోను ఆ దినములలో జనులు ధనమును గూర్చియే యెక్కువగా మాటలాడుకొనిరి. ఎవనికి ఎంత వచ్చెనను మాట వచ్చినంత సులభముగా, ఎవడు సంతకము చేసెనను మాట మన నోట రాదు.

ఇతర దేశములలో నెట్లున్నది? లండను నగరమున 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవరు 2017 జూను 14వ తేదీ రాత్రి కాలెను; 72 మంది మృతులు. నాలుగవ యంతస్తులోని శీతలపు పెట్టె యొద్ద పుట్టిన నిప్పు, భవనపు వెలిగోడలకు క్రొత్తగా నంటించిన పలకల వెంట శిఖరమువఱకు ప్రాకెను. భవనము భద్రము కాదని నివాసులు ముందే మొఱపెట్టుకొనియుండిరి, వినినవారు లేరు. ఆ పిమ్మట జనులు చేసిన పని మమ్ము మిక్కిలి యాకర్షించినది. ప్రతినెల 14వ తేదీన వారు నినాదములు లేక, మౌనముగా, ఆ వీథులలో నడచిరి. ఒక నెల కాదు, ఒక యేడు కాదు. సర్ మార్టిన్ మూర్-బిక్ గారి యధ్యక్షతను జరిగిన విచారణ తుది నివేదిక 2024 సెప్టెంబరు 4న వెలువడెను. ఆ మరణములన్నియు తప్పింప వీలైనవే యని అందు స్పష్టముగ వ్రాయబడినది. పలకలు చేసిన కంపెనీలు, స్థానిక పాలకమండలి, దేశ ప్రభుత్వము, ఎవరి తప్పు ఎంతయో విడివిడిగా చెప్పబడినది. ఏడేండ్లు పట్టినదే యని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ సరియైనదే. అయినను నివేదికను బీరువాలో పెట్టి తాళము వేయలేదు.

ఇక 2025 నవంబరు 26న హాంకాంగులోని వాంగ్ ఫుక్ కోర్టు నివాసములు కాలి నూటయేబదికి మించిన జనులు మరణించిరి. స్వతంత్ర విచారణ కావలెనని సంతకములు సేకరించిన విద్యార్థి యొకడు నిర్బంధింపబడెనని పత్రికలు వ్రాసినవి. అడుగుట నేరమైన చోటు నొకటి, అడుగుట నేరము కాకున్నను అడుగని చోటు నొకటి. మనము రెండవదానిలో నున్నాము.

మా పాఠకులు పలువురు వేదగ్రంథము నెఱిగినవారే. ద్వితీయోపదేశకాండము 22వ యధ్యాయమున, క్రొత్తయిల్లు కట్టువాడు కప్పుచుట్టు పిట్టగోడ కట్టవలయుననియు, కట్టనిచో పడి చచ్చినవాని రక్తదోషము ఆ యింటి మీద నుండుననియు నొక విధి కలదు. ఎవడును పడకమునుపే, ఇల్లు కట్టునాడే, బాధ్యత నిర్ణయింపబడినది. పడినవాడు తాను జాగ్రత్తగా నడువవలసినది యని అచ్చట వ్రాసియుండలేదు.

తల్లిదండ్రులకు ముఖ్యముగా నొక మాట. 2022 ఏప్రిలు నుండి మన పట్టణములు ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినను, మన బిడ్డలు పై చదువులకు పోవునది హైదరాబాదునకును విజయవాడకునే. మా పూర్వవిద్యార్థి నొకనిని చూడబోయి, ఆతడున్న వసతిగృహమున నైదవ యంతస్తువఱకు మెట్లెక్కితిమి. మెట్లపై నీళ్ల డబ్బాలు, గ్యాసు సిలిండర్లు, పాత పరుపులు. కప్పు తలుపునకు తాళము. నిర్వాహకుని నడిగితిమి. "దొంగల భయమండీ. తాళం వెయ్యకపోతే రేపు మీరే అడుగుతారు" అనెను. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. తాళపుచెవి యెచ్చటనున్నదన్న ప్రశ్నకు మాత్రము ఆతడు ఉత్తర మీయలేదు. మేమును బాడుగ రసీదు పుచ్చుకొని దిగివచ్చితిమి. అడుగనివారిలో మమ్ము మేము చేర్చుకొనుట యిందుచేతనే.

మన పట్టణములలోను మిరపకాయల బస్తాలు, ప్రత్తి, విద్యుత్తుతో నడచు స్కూటర్లు మేడల క్రిందనే యుంచుచున్నారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ హోటలులో 8 మంది చనిపోయినది క్రిందనున్న అట్టి స్కూటర్ల దుకాణము అంటుకొనుటచేతనే. పొగ మెట్లదారి వెంటనే పైకెక్కెను.

పై యంతస్తులలో నివసించు మా విద్యార్థులును, వసతిగృహములలో నున్న పూర్వవిద్యార్థులును మాకు నాలుగు సంగతులు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము: వెలికి దారు లెన్ని, మెట్లక్రింద నేమున్నది, కప్పు తాళపుచెవి యెవరి యొద్ద నున్నది, తనిఖీకి వచ్చిన యధికారి నెన్నడైన చూచితిరా. వచ్చిన యుత్తరముల సారమును, వ్రాసినవారి పేళ్లు లేకుండ, మునిసిపలు కమిషనరుగారికిని అగ్నిమాపక కేంద్రమువారికిని పంపి, వారిచ్చు జవాబును, జవాబు రాకున్న ఆ సంగతిని, వచ్చు సంచికలో ప్రకటింతుము.