కంచరగాడిదను కొందామా?

లింబాయత్‌లో ఉండే మాకు సెలవుల్లో కొండలెక్కాలని, అందుకు సొంతంగా ఒక కంచరగాడిద ఉండాలని ఆశ. దాని తండ్రి గాడిద, తల్లి గుర్రం. అందుకే దానికి ఓర్పూ ఉంది, బలమూ ఉంది. కానీ అది 30 ఏళ్లయినా బతకగలదు. మన అమ్మానాన్నలకు కొన్నేళ్లకోసారి బదిలీ. ఊరు మారినప్పుడు దాన్ని ఎవరికి అప్పగిస్తాం? స్నేహితులను వదిలి వెళ్లడం ఎంత కష్టమో మనకు తెలియనిదా!

కాబట్టి కొనడంకన్నా కేదార్‌నాథ్ వంటి చోట అద్దెకు ఎక్కడమే మేలని మా అభిప్రాయం. అయితే బరువు మోసే జంతువుతో రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదని 1965 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అందుకని ఎక్కే ముందు "పొద్దున్నుంచి ఎంతసేపు నడిచింది? నీళ్లు తాగిందా?" అని అడుగుదాం. దాని వీపుమీద పుండు కనిపిస్తే మనమే నడుద్దాం.