తెలుపుకీ తెలుపుకీ మధ్య

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల ముందు పొట్టు తీసిన గుండ్లు కుప్పగా పోసి ఉంటాయి. కొత్తగా చూసేవాళ్ల కంటికి అన్నీ తెలుపే. వాళ్ల కంటికి కావు. పాలతెలుపు ఒక పక్కకి, వేడి కాస్త ఎక్కువై గోధుమ చాయ తిరిగింది ఇంకో పక్కకి, మచ్చ పడింది మరో పక్కకి చకచకా వెళ్లిపోతాయి. గ్రేడింగ్ ప్రమాణాలు కూడా ఈ చాయల భాషలోనే ఉన్నాయి. తెలుపు, లేత దంతపు రంగు, లేత బూడిద చాయ ఉన్నంతవరకు అది తెల్లగుండు. వేడికి అంతకన్నా ముదిరితే ‘స్కార్చ్‌డ్’, ధర కూడా దిగుతుంది. పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగే రకాన్ని డబ్ల్యూ 320 అంటారు. అంటే అర కిలో కూడా లేని పప్పు మీద మూడొందల సార్లు చూపు ఆనాలి, మూడొందల సార్లు తీర్పు చెప్పాలి.

నైరూప్య చిత్రకళ, అంటే జనం అబ్‌స్ట్రాక్ట్ అనే పెయింటింగ్, నేర్చుకోవడం సరిగ్గా ఈ చూపుతోనే మొదలవ్వాలని నా వాదన. రంగులు చిమ్మేస్తే అబ్‌స్ట్రాక్ట్ అయిపోతుందన్న అభిప్రాయం మనలో గట్టిగా పాతుకుపోయింది. నిజానికి మనిషి బొమ్మకి ఉన్న ఆసరా దీనికి లేదు. ముక్కు వంకరపోతే పసివాడైనా పట్టేస్తాడు, గీసినవాడు దిద్దుకుంటాడు. చెట్టూ పుట్టా మనిషీ లేని చిత్రంలో దిద్దుకోడానికి పక్కన నమూనా ఉండదు. అక్కడ పనిచేసేది రంగుకీ రంగుకీ మధ్య ఎంత తేడా పెట్టాం, ఎక్కడ పెట్టాం అన్న లెక్క ఒక్కటే. కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద తేడా ఒక సాధనం. ఉందా లేదా అనిపించే చిన్న తేడా మరో సాధనం. మొదటిది ఎవరికైనా తొందరగా పట్టుబడుతుంది. రెండోది కష్టం, కానీ మొదటిదానికి బలం దానివల్లే వస్తుంది. చుట్టూ అన్నీ అరుస్తుంటే ఒక్క కేక ఎవరికీ వినబడదు కదా!

ఈ తేడాల లెక్క కొత్తదేమీ కాదు. పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కి, నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే రంగులో లోపం లేదు, దాని పక్కన నేసిన రంగులదే ఆ మాయ అని తేలింది. ఆ సంగతుల మీద ఆయన 1839లో పెద్ద గ్రంథమే వేశాడు. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ దీన్ని తరగతి గదిలోకి తెచ్చాడు. 1963లో వచ్చిన ఆయన పుస్తకంలోని అభ్యాసాలకి రంగు కాగితాలు చాలు. ఒకే బూడిదరంగు ముక్కని నల్లకాగితం మీదా తెల్లకాగితం మీదా పెట్టి, రెండు వేర్వేరు రంగుల్లా కనిపించేలా చెయ్యమంటాడు. ఇందులో పరీక్షకి నిలిచేది ప్రతిభ కాదు, చూపు. చూపుని సాధనతో పెంచుకోవచ్చు.

ఇదంతా పరాయి విద్య కదా అంటారు. మందస పక్క కొండల్లోని సవర గిరిజనుల మాటేమిటి? ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఇడితల్ చిత్రాల గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950లలోనే రాశాడు. అవి నైరూప్యాలు కావు. మనుషులూ జంతువులూ ఉంటాయి, దేవతల కోసం, పెద్దల కోసం వేస్తారు. కాబట్టి వాటిని సంచుల మీదికి దించుకోమని కాదు నేననేది. రెండే రెండు రంగుల ఎదురుబొదురుతో గోడంతా ఎలా నిలబడుతుందో చూడమని. ఇక పేడనీళ్లు చల్లిన వాకిట్లో చుక్కల ముగ్గు చాలాసార్లు ఏ వస్తువుకీ బొమ్మ కాదు, అయినా దాన్ని అర్థం కాలేదన్నవాళ్లు లేరు. చిత్రకారుల్లోనూ ఈ దారి పట్టిన మనవాళ్లున్నారు: గుడివాడలో పుట్టి షికాగోలో స్థిరపడ్డ ఎస్.వి. రామారావు నైరూప్య చిత్రాలకే పేరు పొంది, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు.

ముందు బొమ్మ గీయడం రావాలి, ఆ తర్వాతే ఇవన్నీ అన్నది డ్రాయింగ్ మాస్టార్ల అభ్యంతరం. లోయర్, హయ్యర్ పరీక్షలకి పిల్లల్ని తయారుచేసేవాళ్లు ఆ మాట అనడం సహజమే. అయితే కుండకి గుండ్రదనం తెచ్చేది గీత కాదు, వెలుగు నుంచి నీడదాకా మెట్లుమెట్లుగా దిగే చాయలు. ఆ మెట్లు విడివిడిగా కనబడని పిల్లవాడి కుండ పళ్లెంలా పరుచుకుంటుంది. రెండు దారులకీ పునాది ఒకటే. ఇంకొందరు చాయల్ని వేరుచేసే యంత్రాలు వచ్చేశాయి కదా, ఇంకా ఈ కన్నెందుకంటారు. యంత్రం గీత దాటిన పప్పుని నెట్టేస్తుంది, నిజమే. ఆ గీత ఎక్కడుండాలో ముందు మనిషే దానికి చెప్పాలి. చిత్రకారుడి పనంతా ఆ గీత ఎక్కడో తేల్చుకోవడమే.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న వేరే ఉంది. కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి అల్లాడుతున్న ఈ పలాస, మందసల ఉద్దానంలో, మంచినీళ్లకీ మందులకీ వెతుకులాడే ఇళ్ల పిల్లలకి రంగుల పాఠాలా? నీళ్ల డబ్బు తీసి రంగులకి పెట్టమంటే అది తప్పే. ఈ సాధనకి కావలసింది ఒక డబ్బా తెల్లరంగు, కాస్త మసి, కాస్త జేగురు, పాత పేపర్లు, వారానికో పీరియడు. తెల్లరంగులో సూదిమొనంత జేగురు కలిపి అసలు తెలుపు పక్కన పూయాలి. తేడా కనబడదు. మరో సూదిమొనంత కలిపి మళ్లీ పూయాలి. తేడా ఎక్కడ కనబడిందో అక్కడ ఆగి, ఎన్నిసార్లు కలిపారో పక్కన రాసుకోవాలి. నెల తర్వాత అదే పిల్లకి ఇంకా ముందే కనబడితే పాఠం ఒంటబట్టినట్టే. డ్రాయింగ్ మాస్టారు లేని బళ్లో కూడా ఇది చెయ్యొచ్చు.

పాఠం చెప్పడానికి ఎవరో పెద్ద కళాకారుడు దిగి రానక్కర్లేదు. పలాస, మందస బళ్లలో ఎందరో పిల్లల తల్లులు గ్రేడింగ్‌కి వెళ్తారు. ఒకరోజు ఒక తల్లిని పిలిచి, దోసెడు గుండ్లు బల్ల మీద పోసి, ఏది ఎందుకు ఏ పక్కకి వెళ్తుందో చెప్పమనాలి. ఆ పూట పిల్లలు గుండు ఆకారం గీయకూడదు, ఆవిడ వేరుచేసిన తెలుపుల్ని మాత్రం పక్కపక్కన పూయాలి. కూలి లెక్కలో తప్ప ఎక్కడా జమపడని ఆ నేర్పుని చదువుగా ఒప్పుకున్న రోజు, పిల్లలు పూసిన కాగితమే ఉద్దానంలో తొలి నైరూప్య పాఠం అవుతుంది.